కేబిన్ కిటికీ: సినిమా మ్యూజియం గురించి మీరడిగినవి

ముంబై పెడ్డర్ రోడ్డులో ఉన్న జాతీయ సినిమా మ్యూజియానికి వెళ్ళొచ్చి పోయిన సంచికలో నాలుగు ముక్కలు రాశాను. దాని మీద వచ్చినన్ని ఉత్తరాలు ఈ శీర్షికకు ఎప్పుడూ రాలేదు. ధర్మాబాద్ మిర్చి మార్కెట్లో కూడా చెయ్యి పట్టుకుని ఆపి, "ఆపరేటర్ సాబ్, లోపల ఏముంటది?" అని అడుగుతున్నారు. అందుకే ఈసారి మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టి వీటికే జవాబులు. కొత్తగా చదువుతున్నవాళ్ళకు ఒక్కమాట: నేను ఈ ఊళ్ళోనే ఒక టాకీసులో ఆపరేటరుగా పనిచేసి, రీళ్ళు పోయి డిజిటల్ వచ్చాక ఇంటికొచ్చినవాణ్ణి. నా జవాబుల్లో హీరోల కంటే మెషిన్లు ఎక్కువ కనిపిస్తే నా తప్పేం లేదు.

ప్రశ్న: మా జిల్లా పరిషత్ బడి పిల్లల్ని ముంబై తీసుకెళ్తున్నాం. గేట్‌వే, సైన్స్ సెంటర్ పోను ఒక పూట మిగులుతుంది. సినిమా మ్యూజియానికి ఇవ్వొచ్చా? పిల్లలు విసుక్కుంటారేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక టీచరమ్మ, కిన్వట్

జవాబు: ఇవ్వండమ్మా. కాకపోతే పూటంటే పూర్తి పూట. గంటలో చుట్టేద్దామనుకుంటే మెట్లెక్కి దిగడమే మిగులుతుంది.

అక్కడ రెండు కట్టడాలున్నాయి. ఒకటి గుల్షన్ మహల్, 19వ శతాబ్దపు పాత బంగళా. రెండోది దాని పక్కన లేపిన కొత్త భవనం. ఈ రెండూ కలిపి మ్యూజియంగా 2019 జనవరి 19న ప్రధాని ప్రారంభించారు. ఆ ఆవరణ ఒకప్పుడు ఫిల్మ్స్ డివిజన్‌ది. 1948లో పెట్టిన ప్రభుత్వ సంస్థ. సినిమాకు ముందు వరదలు, ఆనకట్టలు, మంత్రుల పర్యటనలు చూపించే న్యూస్‌రీళ్ళు ఉండేవే, అవి తీసింది వీళ్ళే. మా హాల్లో జనం ఆ న్యూస్‌రీలు టైములో బయట బీడీ ముగించుకుని తీరిగ్గా లోపలికొచ్చేవాళ్ళు. ఇప్పుడు చూస్తే దేశం చరిత్రంతా అందులోనే ఉంది!

పిల్లల్ని ముందు గుల్షన్ మహల్‌కే తీసుకెళ్ళండి. సినిమా పుట్టక ముందు, బొమ్మ కదిలినట్టు కనిపించడానికి మనుషులు పడ్డ తంటాలతో అక్కడ కథ మొదలవుతుంది. తర్వాత మూకీలు, మాటలు రావడం, స్టూడియోల కాలం, రెండో ప్రపంచ యుద్ధం, అలా గది తర్వాత గది. ఈ మొదటి గదిలోనే విసుగు పుట్టేది, పుట్టనిదీ తేలిపోతుంది. కాబట్టి బయలుదేరే ముందే బడిలో ఒక చిన్న పని చేయించండి. గుండ్రటి అట్టముక్కకు ఒకవైపు పిట్టను, మరోవైపు పంజరాన్ని వేయించండి. పంజరాన్ని తలకిందులుగా వేయాలి. అటూ ఇటూ దారం కట్టి వేళ్ళతో గబగబా తిప్పితే పిట్ట పంజరంలో కూర్చుంటుంది. 1820ల్లో ఇంగ్లండులో ఇది అమ్ముడుపోయిన ఆటవస్తువు. ఇది తమ చేతుల్తో చేసిన పిల్లలు ఆ గదిలో అద్దాలకు ముక్కులు ఆనించి చూస్తారు. చేయనివాళ్ళు సెల్ఫీకి చోటు వెతుక్కుంటారు.

కొత్త భవనంలో రెండో అంతస్తు పిల్లల కోసమే. సినిమా వెనక ఉన్న సైన్సును ఆడుకుంటూ తెలుసుకునే ఏర్పాటు. అక్కడ వాళ్ళను తొందరపెట్టకండి. మొదటి అంతస్తు గాంధీజీ, సినిమా. ఇందులో తమాషా ఏంటంటే ఆయనకు సినిమా అంటే గిట్టదు. అప్పటి బ్రిటిష్ ప్రభుత్వం సినిమాల మీద వేసిన కమిటీ అడిగితే, తాను ఎన్నడూ చూడలేదని, దానివల్ల చెడే ఎక్కువని జవాబిచ్చారు. తర్వాత విజయ్ భట్ తీసిన 'రామరాజ్య' 1944లో కొంతసేపు చూశారు. అలాంటి మనిషికి సినిమా మ్యూజియంలో ఒక అంతస్తు దక్కింది. ఇది చెబితే పిల్లలు నవ్వుతారు, గుర్తు కూడా పెట్టుకుంటారు.

ప్రశ్న: కాకా, నేను మ్యూజియం చూశాను. ప్రొజెక్టరు అలా ఆగిపోయి నిలబడి ఉంది. పక్కన బోర్డు చదివినా ఏమీ ఎక్కలేదు. అసలు అది ఎలా నడిచేది? మా తరానికి రీలంటే ఫోన్లో చూసేదే.
– ఒక డిగ్రీ విద్యార్థి, దెగ్లూరు

జవాబు: నువ్వు అడిగావు కాబట్టి తమ్ముడూ, ఎడిటరు గారు పేజీ సరిపోదన్నా సరే రాస్తాను.

అందరూ అనుకునేదేంటంటే ఫిల్ము దీపం ముందు నుంచి సర్రున జారిపోతుందని. అలా జారితే తెర మీద అలుకు తప్ప బొమ్మ కనపడదు. ప్రతి బొమ్మా దీపం ముందుకొచ్చి ఆగాలి. ఆగినప్పుడే వెలుగు పడాలి. మళ్ళీ కదిలేటప్పుడు వెలుగు మూసుకోవాలి. ఇదంతా సెకనుకు 24 సార్లు. మూడు గంటల సినిమా అంటే 2,59,200 సార్లు ఆగి, కదిలి, ఆగి, కదలాలి. ఇంత పనిలో ఫిల్ము చిరగకూడదు.

దీన్ని ఆపేదీ కదిపేదీ ఒక చిన్న ఉక్కు ముక్క. నాలుగు గాళ్ళతో శిలువ ఆకారంలో ఉంటుంది. దాని పక్కన ఒక చక్రం ఆగకుండా తిరుగుతూ ఉంటుంది, ఆ చక్రం మీద ఒక పిన్ను. చుట్టూ తిరిగొచ్చిన పిన్ను శిలువ గాడిలో దూరుతుంది, పావు చుట్టు తిప్పుతుంది, బయటికొచ్చేస్తుంది. పిన్ను మళ్ళీ తిరిగొచ్చే దాకా శిలువ కదలదు. శిలువకు బిగించిన పళ్ళచక్రానికి 16 పళ్ళు. పావు చుట్టంటే నాలుగు పళ్ళు. ఫిల్ము అంచున ఒక్కో బొమ్మకు నాలుగు చిల్లులు. లెక్క సరిపోయిందా? పావు చుట్టుకు సరిగ్గా ఒక బొమ్మ దిగుతుంది. మీ ఇంట్లో కుట్టుమిషన్ ఉంటే సూది కింద బట్టను లాగి వదిలే పళ్ళను చూడు, సరిగ్గా అలాగే. ఫ్రాన్సులో లూమియేర్ సోదరులకు తమ మెషిన్లో ఫిల్ము కదిపే ఉపాయం తట్టింది కూడా కుట్టుమిషన్ చూసే. వాళ్ళది గాళ్ళ శిలువ కాదు, ఫిల్మును కిందికి లాగే గోరు. పని మాత్రం అదే.

ఇక షట్టరు. దీపం ముందు ఫ్యానులా తిరిగే రెండు రెక్కలు. ఒక రెక్క ఫిల్ము కదిలేటప్పుడు వెలుగును మూస్తుంది. రెండోది ఏం చేస్తుందంటే, ఆగి ఉన్న బొమ్మనే మధ్యలో ఓసారి మూసి తెరుస్తుంది. అంటే ప్రతి బొమ్మా రెండుసార్లు మెరుస్తుంది, సెకనుకు 48 మెరుపులు. 24 మాత్రమే అయితే కంటికి తెర అదురుతున్నట్టు తెలుస్తుంది. 48 అయితే కన్ను ఓడిపోతుంది. ఇంకో సంగతి చెప్పనా? నువ్వు టికెట్టు కొని చూసిన సినిమాలో దాదాపు సగం సేపు తెర మీద చీకటే. మేం సగం సినిమాకే డబ్బులు తీసుకున్నామని మా గేట్ కీపరు జోకేసేవాడు.

శబ్దం ఫిల్ము అంచునే గీతల రూపంలో ఉంటుంది. కానీ శబ్దాన్ని చదివేటప్పుడు ఫిల్ము ఆగకూడదు, సాఫీగా పోవాలి. బొమ్మ దగ్గరేమో ఆగాలి. అందుకే రెంటికీ వేర్వేరు చోట్లు పెట్టారు. ఒక బొమ్మకు చెందిన శబ్దం దాని పక్కన ఉండదు, సుమారు 20 బొమ్మలు ముందుగా అచ్చయి ఉంటుంది. ఈ రెండు చోట్ల మధ్య ఫిల్మును కాస్త వదులుగా వంకీ తిప్పి వదలాలి. దాన్ని లూపు అంటాం. లూపు పెద్దదైనా చిన్నదైనా పెదాలు ఒకటి, మాట ఒకటి. జనం ఊరుకుంటారా? నేల క్లాసు నుంచి "ఓ ఆపరేటర్!" అని మొదలై మా వంశవృక్షం దాకా వెళ్ళేది.

దీపం బల్బు కాదు. రెండు కార్బన్ కడ్డీలు ఎదురెదురుగా పెట్టి, కొనలు తాకించి, కొంచెం దూరం జరిపితే మధ్యలో తెల్లటి మంట పుడుతుంది. కంటితో నేరుగా చూడకూడదు, నల్లద్దం కిటికీలోంచే చూడాలి. కడ్డీలు కాలి పొట్టివవుతూ ఉంటాయి. వాటిని జరుపుతూ ఉండాలి. గ్యాపు ఎక్కువైతే తెర మీద వెలుగు మారిపోతుంది, హీరోయిన్ మొహం ఊదారంగుకు తిరుగుతుంది. ఎండాకాలం మ్యాట్నీకి ఆ కేబిన్లో నిలబడితే బనియను పిండుకోవాల్సిందే.

ఆ వేడి ముందు ఫిల్ము ఒక్క క్షణం ఎక్కువ ఆగిందా, అంతే. బొమ్మ మధ్యలో గోధుమరంగు చుక్క పడుతుంది, బుడగలా లేస్తుంది, చుట్టూ అంచులు నల్లబడుతూ కన్నం పెద్దదవుతుంది. తెర మీద ఇది అంత పెద్దగా కనపడుతుంది మరి! వెంటనే ఆపి, కాలిన ముక్క కత్తిరించి, రెండు కొనలు గీకి, ఫిల్ము సిమెంటు అనే జిగురు రాసి అతికించి మళ్ళీ వేయాలి. ప్రతి అతుకుకూ సినిమా కొన్ని బొమ్మలు తగ్గుతుంది. పెద్ద ఊళ్ళు తిరిగి తిరిగి మా దాకా వచ్చేసరికి కొన్ని ప్రింట్లలో పాట పల్లవి నుంచి రెండో చరణానికి దూకేది.

ఒక్క మెషినుతో సినిమా నడవదు. 2,000 అడుగుల రీలు 22 నిమిషాలకు అయిపోతుంది. కాబట్టి పక్కపక్కనే రెండు మెషిన్లు. రీలు ముగిసే ముందు తెర కుడి పై మూలలో ఒక చుక్క మెరుస్తుంది. దానికి రెండో మెషిన్ మోటారు వేయాలి. ఏడెనిమిది సెకన్లకు ఇంకో చుక్క. దానికి ఇది మూసి అది తెరవాలి. ఈ చుక్కల సంగతి తెలిసినవాడికి ఇక సినిమా ప్రశాంతంగా చూసే యోగం ఉండదు, కన్ను ఎప్పుడూ ఆ మూలకే పోతుంది.

మ్యూజియంలో మెషిన్ ఆగి ఉండటం మీద నీ ఫిర్యాదుతో నేను ఏకీభవిస్తాను. పాత మెషిను నడిపితే అరుగుతుంది, నిజమే. కనీసం ఆ గాళ్ళ శిలువను పెద్దగా చేసి, చేత్తో తిప్పుకునేలా గోడకు పెడితే బోర్డులన్నీ చదివిన దాని కంటే ఎక్కువ తెలుస్తుంది. ఈ మాట అక్కడి సందర్శకుల పుస్తకంలో కూడా రాసొచ్చాను, తెలుగులోనే.

ప్రశ్న: అన్నా, మీరు ఏ హీరో ఫ్యాన్?
– ఒక అభిమాని, ఉమ్రి

జవాబు: కరెంటు పోకుండా ఎవరి సినిమా ఆడితే ఆ హీరో ఫ్యాన్.

ప్రశ్న: సినిమా చరిత్ర అంటే ఫాల్కే, లూమియేర్, ఎడిసన్, అంతా మగవాళ్ళేనా? మ్యూజియంలో మాకు చెప్పుకోవడానికి ఎవరూ లేరా?
– ఒక అంగన్‌వాడీ కార్యకర్త, సిరొంచ

జవాబు: ఉన్నారమ్మా. ఫాల్కే గది ముందు నిలబడ్డప్పుడు ఆయన భార్య సరస్వతీబాయి ఫాల్కేను తలచుకోండి.

'రాజా హరిశ్చంద్ర' సినిమా తీయడానికి ఫాల్కే 1912లో లండను వెళ్ళి కెమెరా కొనుక్కొచ్చారు. అప్పట్లో వచ్చే ముడి ఫిల్ముకు అంచున చిల్లులు ఉండేవి కావు. చిల్లులు లేకపోతే పళ్ళచక్రం పట్టుకోదు, కెమెరాలో ఫిల్ము కదలదు. చిల్లులు వేసే పరికరం వేరే ఉంటుంది. ఆ పని చీకట్లో చేయాలి, వెలుగు తగిలితే ఫిల్ము పాడైపోతుంది. సరస్వతీబాయికి పగలంతా ఇంటి పని, యూనిట్టు మొత్తానికి వంట. రాత్రి చీకటిగదిలో కూర్చుని చేతి తడుముతో ఫిల్ముకు చిల్లులు. ఒక్క అడుగు ఫిల్ముకు ఒక్కో అంచున 64 చిల్లులు పడాలి. 'రాజా హరిశ్చంద్ర' పొడవు 3,700 అడుగులు. ఎన్నయ్యాయో మీరే గుణించుకోండి. అందులో ఒక్కటి పక్కకు జరిగినా తెర మీద హరిశ్చంద్రుడు గంతులేస్తాడు. డబ్బు కోసం ఆమె నగలు కూడా తాకట్టుకు వెళ్ళాయి.

1913 మే 3న బొంబాయి గిర్గాఁవ్‌లోని కారొనేషన్ హాల్లో ఆ సినిమా విడుదలైంది. హరిశ్చంద్రుడి భార్య తారామతి వేషం వేసింది కూడా మగవాడే, సాలుంకే అనే ఆయన. ఫాల్కేకు ఆయన దొరికింది గ్రాంట్ రోడ్డులో ఒక హోటల్లో, అక్కడ వంట పని చేస్తూ. ఆడవాళ్ళెవరూ తెర మీదికి రావడానికి ఒప్పుకోలేదు మరి. మ్యూజియానికి లోకల్ రైల్లో వెళ్తే మీరు దిగే స్టేషన్ అదే గ్రాంట్ రోడ్డు. నన్నడిగితే మన సినిమా చరిత్రలో మొదటి టెక్నీషియన్ల పట్టిక రాసేటప్పుడు సరస్వతీబాయి పేరు రెండో వరసలో కాదు, ఫాల్కే పక్కనే రాయాలి.

ప్రశ్న: మనం మహారాష్ట్రలో ఉన్నా ఇంట్లో తెలుగే మాట్లాడతాం, తెలుగు సినిమాలే చూస్తాం. ముంబై మ్యూజియంలో మనవాళ్ళ గురించి ఏమైనా ఉందా? లేక హిందీ, మరాఠీయేనా?
– ఒక కిరాణా వ్యాపారి, బిలోలి

జవాబు: ప్రాంతీయ సినిమాకు చోటు ఉంది. గుల్షన్ మహల్‌లో ఒక విభాగం, కొత్త భవనం పై అంతస్తు. కానీ ఇన్ని భాషల్ని అంత చోటులో సర్దితే ఒక్కో భాషకు ఎంత వస్తుంది? ఇంటికొచ్చిన బంధువులందరినీ ఒకే గదిలో పడుకోబెట్టినట్టుంది.

కాబట్టి మనవాళ్ళను ఆ అంతస్తులో మాత్రమే వెతక్కండి సేట్ గారూ. కింది గదుల్లో, హిందీ సినిమా అని రాసి ఉన్నచోటే వెతకండి. మూకీల కాలంలో బొంబాయి వెళ్ళి హీరో అయిన పైడి జైరాజ్ మన పక్క కరీంనగర్‌లో పుట్టినవాడు. 1980కి ఫాల్కే అవార్డు అందుకున్నాడు. 1931 మార్చి 14న బొంబాయి మెజెస్టిక్ సినిమాలో విడుదలైన 'ఆలం ఆరా' తొలి భారతీయ టాకీ. అందులో చిన్న వేషం వేసిన కుర్రాడు ఎల్.వి. ప్రసాద్. హిందీ, తమిళ, తెలుగు, మూడు భాషల తొలి టాకీల్లోనూ కనిపించినవాడు ఆయన.

ఇంకా విచిత్రం, తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' మద్రాసులోనో బెజవాడలోనో తీసింది కాదు. బొంబాయిలో తీశారు. హెచ్.ఎం. రెడ్డి దర్శకుడు. సురభి నాటక సమాజం వాళ్ళు రైలెక్కి వెళ్ళి నటించారు. 1932 ఫిబ్రవరి 6న విడుదలైంది కూడా బొంబాయిలోనే. ఆ రోజుల్లో మన నాందేడు నుంచి బొంబాయి పోయిన తెలుగువాడెవడైనా ఉంటే, తెలుగు సినిమా మొట్టమొదట చూసే అవకాశం మద్రాసువాళ్ళ కంటే వాడికే ముందు వచ్చింది. ఈసారి ఎవరైనా "మీరు మహారాష్ట్రవాళ్ళు, మీకు తెలుగు సినిమా ఏం తెలుసు" అంటే ఈ తేదీ చెప్పండి.

ఒక లోటు మాత్రం నాకు కనిపించింది. మచిలీపట్నంలో పుట్టి మద్రాసులో ఫొటో స్టూడియో నడుపుకుంటూ, ఉన్నదంతా పెట్టి సినిమా మెషిన్ తెప్పించి, ఊరూరా తిరిగి ఆడించి, తర్వాత గెయిటీ హాలు కట్టిన రఘుపతి వెంకయ్య నాయుడి కథకు ఒక గది మొత్తం ఇచ్చినా తక్కువే. కొడుకు ప్రకాష్‌ను విదేశాలకు పంపి సినిమా పని నేర్పించారు. ఇద్దరూ కలిసి 1921లో 'భీష్మ ప్రతిజ్ఞ' మూకీ తీశారు. జాత్రల్లో డేరా వేసి సినిమా ఆడించిన మాలాంటివాళ్ళందరికీ ఆయనే మూలపురుషుడు.

ప్రశ్న: మాది రాయగడ. ముంబై మాకు రెండు రాత్రుల దూరం. ఇటువైపు వాళ్ళం ఏం చూడాలి?
– ఒక రైల్వే ఉద్యోగి, రాయగడ, ఒడిశా

జవాబు: మీరు చెన్నై పొండి సార్. వడపళనిలో ఏవీఎం వాళ్ళు 2023లో హెరిటేజ్ మ్యూజియం తెరిచారు. పాత కెమెరాలు, లైట్లు, సినిమాల్లో వాడిన కార్లు ఉంటాయి. చరిత్ర క్రమంగా చెప్పడం కంటే ఒక స్టూడియో తన సామాను చూపించుకోవడం అనుకోండి. నాలాంటివాడికి అదీ పండగే.

మీ ఒడియా సినిమా కూడా చిన్నదేం కాదు. 1936లో వచ్చిన 'సీతా బిబాహ' తొలి ఒడియా టాకీ. ముంబై మ్యూజియానికి ఎప్పుడైనా వెళ్తే పై అంతస్తులో తెలుగు, ఒడియా రెండూ చూసుకుని రావాల్సింది మీవైపువాళ్ళే.

ప్రశ్న: మా నాన్నగారు పేపరు మిల్లులో పనిచేసేవారు, సినిమా పిచ్చి. ఆయన పోయాక ట్రంకు పెట్టె తెరిస్తే వందకు పైగా పాటల పుస్తకాలు, కొన్ని ఫిల్ము ముక్కలు కనిపించాయి. ఫిల్ము నుంచి పుల్లటి వాసన వస్తోంది. పాత సామానువాడికి ఇచ్చేద్దామంటున్నారు ఇంట్లో. మ్యూజియంవాళ్ళు తీసుకుంటారా?
– ఒక గృహిణి, బల్లార్‌పూర్

జవాబు: పాత సామానువాడికి ఇవ్వొద్దమ్మా, చేతులెత్తి దండం పెడతాను.

మీరు ఆ మ్యూజియానికి వెళ్తే తొలి టాకీ దగ్గర సినిమా ఉండదు. ఫొటోలు, పోస్టర్లు, ప్రకటనలు ఉంటాయి. ఎందుకంటే 'ఆలం ఆరా' ప్రింటు ప్రపంచంలో ఎక్కడా లేదు. 'భక్త ప్రహ్లాద' కూడా లేదు. 'రాజా హరిశ్చంద్ర' నాలుగు రీళ్ళలో పుణేలో పాత సినిమాలు భద్రపరిచే ఫిల్ము ఆర్కైవుకు దొరికినవి మొదటిది, చివరిది. అవి కూడా 1917లో ఫాల్కే మళ్ళీ తీసినవని కొందరు చరిత్రకారులంటారు. వెయ్యికి పైగా మూకీలు తీసిన దేశంలో ఇవాళ మిగిలినవి పట్టుమని ముప్పై లేవు. ఆడినన్నాళ్ళు ఆడించి, తర్వాత ఫిల్ములో ఉన్న వెండి కోసం కరిగించి అమ్ముకున్నారు. మిగిలినవి తేమకు, మంటలకు పోయాయి. 2003 జనవరిలో పుణేలో ఫిల్ములు దాచిన గదికి నిప్పంటుకుని పాత నైట్రేటు రీళ్ళు ఎన్నో బూడిదయ్యాయి. మరి ఆ సినిమాల గురించి మనకు ఎలా తెలుసు? మీ ట్రంకులో ఉన్నలాంటి కాగితాల వల్లే. పాటల పుస్తకంలో నటీనటులు, టెక్నీషియన్లు, కథ సగం, పాటలన్నీ ఉంటాయి. చివర "తరువాయి కథ వెండితెరపై చూడండి" అని ఉంటుంది. వెండితెర మీది కథ పోయింది, ఈ సగమే మిగిలింది.

ఇప్పుడు పనికొచ్చే సంగతి. పుల్లటి వాసన వచ్చేది అసిటేటు ఫిల్ము. అది కుళ్ళుతున్నప్పుడు వెనిగర్ వాసన వేస్తుంది. పక్కనున్న మంచి ఫిల్ముకు కూడా ఆ రోగం అంటిస్తుంది, కాగితాన్నీ పాడు చేస్తుంది. కాబట్టి ముందు ఫిల్మునూ పుస్తకాలనూ వేరు చేయండి. ఫిల్ము ముక్కల్ని ప్లాస్టిక్ సంచిలో కట్టేయకండి, గాలి ఆడే అట్టపెట్టెలో చల్లటి చోట పెట్టండి. పిల్లలు పూర్వం మేమాడినట్టు నీళ్ళు పోసిన బల్బు పెట్టి గోడ మీద సినిమా వేస్తామంటే, బాగున్న ఒక ముక్క ఇవ్వండి, తప్పులేదు.

కానీ అంతకు ముందు ఒకటి చూడాలి. 1950ల ఆరంభం దాకా వాడింది నైట్రేటు ఫిల్ము. అది నిప్పంటుకుంటే నీళ్ళలో ముంచినా ఆరదు. మండటానికి కావాల్సిన ఆక్సిజన్ దాంట్లోనే ఉంటుంది. ముక్కలు జిగటగా అంటుకుపోయి, గోధుమరంగు పొడి రాలుతూ ఉన్నా, అంచున ఇంగ్లీషులో నైట్రేట్ అని అచ్చు కనిపించినా దేవుడి గదికి, వంటింటికి దూరంగా పెట్టి, తెలిసినవాళ్ళకు చూపించండి. ఆడుకోవడానికి అసలు ఇవ్వకండి. ఇంట్లో పెట్టుకోవాల్సిన వస్తువు కాదది.

పుస్తకాల సంగతి: సెల్లోటేపు వేయకండి, లామినేషన్ అసలే వద్దు. ఇనప పిన్నులు తుప్పు పట్టి ఉంటే మెల్లగా తీసేయండి. ఒక్కో అట్టనూ, చివరి పేజీనీ ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. నాన్నగారు ఏ పుస్తకం మీదైనా హాలు పేరో తేదీయో రాసి ఉంటే అది బంగారం. బల్లార్‌పూర్, చంద్రపూర్‌లలో ఏ తెలుగు సినిమా ఎప్పుడు ఆడిందో రాసిపెట్టిన పుస్తకం నా ఎరుకలో లేదు. ఆ లెక్క మీ ట్రంకులో ఉండొచ్చు. మ్యూజియానికి కానీ పుణే ఆర్కైవుకు కానీ ముందు జాబితా రాసి ఉత్తరం వేయండి. జవాబు వచ్చే దాకా అసలు పుస్తకాలు పోస్టులో పంపకండి. ఇంట్లోవాళ్ళు మరీ గొడవ చేస్తే నాకు రాయండి, నేనే వచ్చి తీసుకుపోతాను.

ప్రశ్న: దేవగిరి ఎక్స్‌ప్రెస్‌లో శిర్డీ, త్రయంబకం వెళ్దామనుకుంటున్నాం. మీరు రాసింది చదివి మా ఆయన ముంబై మ్యూజియం కూడా కలుపుదామంటున్నారు. ఒకే ట్రిప్పులో కుదురుతుందా?
– ఒక పాఠకురాలు, ధర్మాబాద్

జవాబు: చక్కగా కుదురుతుందమ్మా. మీ ఆయన ఇంకో సంగతి గమనించినట్టు లేదు. ఫాల్కే పుట్టింది త్రయంబకంలోనే, 1870 ఏప్రిల్ 30న. పోయింది నాసిక్‌లో. నాసిక్ నుంచి ముంబై రోడ్డు మీద పాండవ్‌లేణి గుహల కొండ కింద ఆయన పేరిట స్మారకం ఉంది. గుహలు చూడటానికి ఎలాగూ ఆగుతారు, కిందికి దిగి అదీ చూడండి. పెద్ద ఆశలు మాత్రం పెట్టుకోకండి.

ముంబైలో సీఎస్‌ఎంటీ స్టేషన్లో దిగితే, మ్యూజియానికి వెళ్ళే ముందు కాలాఘోడా వైపు ఒక చక్కర్ కొట్టండి. అక్కడ ఇనప చట్రంతో కట్టిన పాత కట్టడం ఒకటి కనపడుతుంది. ఒకప్పటి వాట్సన్ హోటలు. 1896 జులై 7న లూమియేర్ వాళ్ళ మనుషులు మన దేశంలో మొదటిసారి సినిమా ఆడించింది అందులోనే. టికెట్టు ఒక రూపాయి. అప్పటి రూపాయి అంటే మనలాంటివాళ్ళు బయట నిలబడి చూడాల్సిందే. కట్టడం శిథిలంగా ఉంటుంది, దగ్గరికి పోకుండా రోడ్డవతల నుంచి చూడండి. అక్కడి నుంచి టాక్సీలో పెడ్డర్ రోడ్డు. దారిలో ప్రభుకుంజ్ కనిపిస్తుంది, లతా మంగేష్కర్ గారు ఉన్న ఇల్లు. డ్రైవరును అడక్కపోయినా తనే చూపిస్తాడు.

రోజుల లెక్క ఒక్కటి జాగ్రత్త. మ్యూజియానికి సోమవారం సెలవు. మీ అత్తగారు సోమవారమే త్రయంబకంలో అభిషేకం అంటారు కాబట్టి, ఆ రోజు అక్కడ పెట్టుకుని మంగళవారం ముంబై చేరండి.